రేడియో హిట్ల జాబితా: దక్షిణాసియాలో ఎవరు లెక్కించారు, పాప్ గాయకులు ఎక్కడ నిలిచారు?

బ్రిటన్‌లో రికార్డుల అమ్మకాల ఆధారంగా పాటలకు స్థానాలిచ్చిన తొలి జాబితా 1952 నవంబరు 14న ‘న్యూ మ్యూజికల్ ఎక్స్‌ప్రెస్’ పత్రికలో వెలువడింది. పత్రిక సిబ్బంది కొన్ని రికార్డు దుకాణాలకు ఫోన్ చేసి, ఏ పాట ఎంత అమ్ముడైందో అడిగి దానిని తయారు చేశారు. మూడు వారాలు తిరగకముందే, డిసెంబరు 3న, కొలంబోలోని రేడియో సిలోన్ నుంచి ‘బినాకా గీత్‌మాలా’ తొలి ప్రసారం భారత ఉపఖండంలో వినిపించింది. ఈ రెండింటికీ పరస్పర సంబంధం లేదు. కానీ ఆ తర్వాతి నాలుగు దశాబ్దాల్లో రెండు ప్రాంతాల్లోనూ ‘హిట్’ అనే మాటకు అర్థం చెప్పినవి ఇలాంటి జాబితాలే.

తేడా ఒక్కచోట ఉంది. బ్రిటన్ జాబితాలో గాయకుడి పేరే పాటకు గుర్తింపు. దక్షిణాసియాలో, ముఖ్యంగా భారత్‌లో, పాటకు గుర్తింపు సినిమా పేరు. సినిమాతో సంబంధం లేకుండా పాడి పేరు తెచ్చుకోవాలనుకున్న గాయకులకు ఈ తేడా చాలా ఖరీదైనది.

దిల్లీలో ఆంక్షలు, కొలంబోలో అవకాశం

రేడియో సిలోన్‌కు భారతీయ శ్రోతలను సమకూర్చిపెట్టింది ఒక విధంగా భారత ప్రభుత్వమే. 1952 నుంచి 1962 వరకు కేంద్ర సమాచార, ప్రసార శాఖ మంత్రిగా ఉన్న బి.వి.కేస్కర్ సినిమా సంగీతం పట్ల తన అయిష్టాన్ని దాచుకోలేదు. ఆకాశవాణిలో శాస్త్రీయ సంగీతానికి పెద్దపీట వేసి, సినిమా పాటల సమయాన్ని బాగా కుదించారు. పాటతో పాటు సినిమా పేరు చెప్పడం ప్రకటన కిందికి వస్తుందన్న వాదన కూడా వచ్చింది. నిర్మాతలు తమ పాటల ప్రసార అనుమతులను ఉపసంహరించుకున్నారు. ఫలితంగా ఆకాశవాణిలో సినిమా పాట దాదాపు మాయమైంది.

సరిగ్గా ఆ సమయానికి కొలంబోలో శక్తిమంతమైన షార్ట్‌వేవ్ ప్రసార యంత్రం సిద్ధంగా ఉంది. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో మిత్రరాజ్యాల సైనికుల కోసం నెలకొల్పిన రేడియో సీయాక్ నుంచి అది వారసత్వంగా వచ్చింది. 1950లో రేడియో సిలోన్ వాణిజ్య విభాగం మొదలయింది. కొలంబో పథకం కింద ఆస్ట్రేలియా నుంచి వచ్చిన క్లిఫర్డ్ డాడ్ దానికి రూపం ఇచ్చారు. భారతీయ కంపెనీలు తమ సరుకులకు అక్కడ ప్రకటనలు ఇచ్చుకోవచ్చు. ఆకాశవాణిలో ఆ వీలు 1967 వరకు లేదు.

తెలుగు శ్రోతలకూ ఆ కేంద్రం పరాయిది కాలేదు. రేడియో సిలోన్ తెలుగు సినిమా పాటలు ప్రసారం చేసేది. ఆ కార్యక్రమాల వ్యాఖ్యాత మీనాక్షి పొన్నుదురై పేరు ఆనాటి శ్రోతలు ఇప్పటికీ తలుచుకుంటారు. సముద్రం అవతలి కేంద్రం నుంచి తెలుగు మాట, తెలుగు పాట రావడమే అప్పట్లో ఒక వింత.

తన తప్పును దిల్లీ గుర్తించడానికి ఐదేళ్లు పట్టింది. 1957 అక్టోబరు 3న ‘వివిధ భారతి’ మొదలయింది. అప్పటికే బుధవారం రాత్రి ఎనిమిది గంటలు కొలంబో సొంతమై పోయాయి.

ఉత్తరాలతో లెక్క

గీత్‌మాలాకు ముందు రేడియో సిలోన్‌లో ‘బినాకా హిట్ పరేడ్’ అనే ఆంగ్ల కార్యక్రమం నడిచేది. పాశ్చాత్య పాప్ పాటల వరస అది. వ్యాఖ్యాత గ్రెగ్ రోస్కోవ్‌స్కీ. హిందీ పాటలకూ అలాంటిది కావాలని శ్రోతలు కోరారు. బినాకా టూత్‌పేస్ట్ తయారు చేసే సీబా కంపెనీ అంగీకరించింది. పేరున్న వ్యాఖ్యాతలు ఆ చిన్న మొత్తానికి ముందుకు రాకపోవడంతో, వారానికి 25 రూపాయల ప్రతిఫలానికి ఇరవై ఏళ్ల అమీన్ సయానీ ఒప్పుకున్నారు. కార్యక్రమాన్ని ముంబయిలో రికార్డు చేసి, టేపులను విమానంలో కొలంబోకు పంపేవారు. అంటే ముంబయి శ్రోత తన ఊళ్లోనే తయారైన కార్యక్రమాన్ని సముద్రం దాటి వచ్చాక వినేవాడు.

మొదట్లో గీత్‌మాలా హిట్ల జాబితా కాదు, అదొక పోటీ. ఏడు పాటలను క్రమం లేకుండా వినిపించేవారు. వాటిని ఆదరణ ప్రకారం వరసలో పెట్టి శ్రోతలు ఉత్తరం రాయాలి. సరిగా చెప్పినవారికి వంద రూపాయల బహుమతి. తొలి ప్రసారానికి తొమ్మిది వేల ఉత్తరాలు వచ్చాయని, ఏడాది తిరిగేసరికి వారానికి 65 వేలకు చేరాయని సయానీ పలు సందర్భాల్లో చెప్పారు. అన్ని ఉత్తరాలను చదివి లెక్కించడం అసాధ్యమైపోయింది. 1954లో పోటీని పక్కనపెట్టి, గీత్‌మాలాను అసలైన స్థానాల జాబితాగా మార్చారు.

అప్పుడు వచ్చిన ప్రశ్న ఏ జాబితాకైనా ప్రాణాధారమైనది: దేనిని లెక్కపెట్టాలి? ముందు రికార్డుల అమ్మకాన్ని తీసుకున్నారు. దేశంలోని ప్రధాన దుకాణాల నుంచి వారం వారం నివేదికలు తెప్పించుకున్నారు. కానీ అమ్మకం ఎప్పుడూ నిజం చెప్పదు. ఒక పాట విపరీతంగా నచ్చి, దుకాణంలోని రికార్డులన్నీ అమ్ముడైపోతే మరుసటి వారం దాని అమ్మకం సున్నా. ఆ వారం అది జాబితాలో కిందికి జారిపోవాలి. సినిమా విడుదలైనా రికార్డు ఇంకా రాని సందర్భాలూ ఉండేవి. అందుకే శ్రోతల సంఘాలను రంగంలోకి దించారు. ఊరూరా ఏర్పడిన రేడియో క్లబ్బులు తమ సభ్యుల అభిప్రాయాన్ని పంపేవి. రెండు లెక్కలను కలిపి స్థానాలు నిర్ణయించేవారు.

ఈ పద్ధతిలో లోపం లేకపోలేదు. ఉత్తరాలు రాయడానికి ఓపికా, తపాలా ఖర్చూ ఉన్న ఊరి మాట ఎక్కువగా వినిపిస్తుంది. నేటి ఝార్ఖండ్‌లోని అభ్రకం గనుల పట్టణం ఝుమ్రీ తలయ్యా ఆ విధంగానే దేశమంతటా ప్రసిద్ధి చెందింది. పాటల కోసం అక్కడి నుంచి వచ్చినన్ని ఉత్తరాలు మహానగరాల నుంచి కూడా రావడం లేదన్నది రేడియో వర్గాల్లో ఒక హాస్యోక్తిగా స్థిరపడింది. కానీ ఒక చిన్న పట్టణం తన అభిరుచిని దేశానికి వినిపించగలిగిన మార్గం ఆ రోజుల్లో మరొకటి లేదు.

సయానీ స్థానాలను సంఖ్యలుగా కాక ‘పాయిదాన్’లుగా, అంటే మెట్లుగా చెప్పేవారు. పాట ఒక మెట్టు ఎక్కింది, రెండు మెట్లు దిగింది. ఎక్కువ వారాలు నిలిచిన పాటను ‘సర్తాజ్ గీత్’గా సత్కరించి జాబితా నుంచి సాగనంపేవారు. ఈ చిన్న ఏర్పాటు వల్ల ఒకే పాట నెలల తరబడి పైమెట్టును ఆక్రమించే ప్రమాదం తప్పి, కొత్త పాటకు చోటు దొరికేది. ఏటా చివర్లో వార్షిక జాబితా ప్రకటించేవారు. 1953లో ‘అనార్కలి’ చిత్రంలో లతా మంగేష్కర్ పాడిన ‘యే జిందగీ ఉసీ కీ హై’ అగ్రస్థానం పొందింది. 1972లో ‘హరే రామ హరే కృష్ణ’లో ఆశా భోస్లే పాడిన ‘దమ్ మారో దమ్’ పైకొచ్చింది. ఆ పాట ప్రసారానికి ఆకాశవాణి నిరాకరించింది. ప్రభుత్వ రేడియో వినిపించని పాట దేశంలోకెల్లా ఆదరణ పొందిన పాటగా పొరుగుదేశపు రేడియోలో నిలిచిందన్నమాట. 1976లో అత్యయిక స్థితి కాలంలో కిశోర్ కుమార్ పాటలను ఆకాశవాణి, దూరదర్శన్ ప్రసారం చేయకుండా ఆపినప్పుడు కూడా, జాబితా ప్రభుత్వం చేతిలో లేకపోవడంలోని విలువ శ్రోతలకు తెలిసివచ్చింది.

గీత్‌మాలా 1989లో వివిధ భారతికి మారి, 1994 వరకు సాగింది. ఆ తర్వాత కొన్నేళ్లకు కొంతకాలం మళ్లీ వినిపించింది. 2009లో పద్మశ్రీ అందుకున్న సయానీ 2024 ఫిబ్రవరి 20న కన్నుమూశారు.

పాప్ పాటకు చోటేది?

ఇంత విస్తృతమైన జాబితాలో కూడా ఒక వర్గానికి స్థానం లేదు. గీత్‌మాలా సినిమా పాటల జాబితా. సినిమాకు బయట పాడినవారి రికార్డు ఎంత అమ్ముడైనా మెట్టు ఎక్కే వీలు లేదు.

అలాంటి గాయకులు లేక కాదు. చెన్నై, కోల్‌కతా, దిల్లీ నగరాల హోటళ్లలో పాడుతూ పైకొచ్చిన ఉషా ఉతుప్, అప్పటికి ఉషా అయ్యర్, 1960ల చివరలో ‘జంబలాయా’ వంటి ఆంగ్ల పాటలను రికార్డు చేశారు. పట్టుచీర, పెద్ద బొట్టు, గంభీరమైన గొంతు. హోటల్ గాయని అంటే ఉన్న ఊహను ఆ రూపమే తిరగరాసింది. దేశవ్యాప్తంగా ఆమె ఇంటింటి పేరు కావడానికి మాత్రం సినిమా పాటలు కావలసి వచ్చాయి. తెలుగులో ‘కీచురాళ్లు’ పాట ఆమెను ఇక్కడి శ్రోతలకు దగ్గర చేసింది.

బెంగళూరులో పుట్టిన బిడ్డు కథ ఇంకా విచిత్రం. చిన్నతనంలో రేడియో సిలోన్‌లో పాశ్చాత్య పాటలు వింటూ పెరిగి, స్థానిక బృందంలో గిటార్ పట్టి, 1960లలో లండన్ చేరుకున్నారు. ఆయన నిర్మించగా కార్ల్ డగ్లస్ పాడిన ‘కుంగ్ ఫూ ఫైటింగ్’ 1974లో బ్రిటన్, అమెరికా జాబితాలు రెండింటిలోనూ మొదటి స్థానం పొందింది. ఒక భారతీయుడి సింగిల్ ప్రపంచంలోని రెండు పెద్ద జాబితాల్లో అగ్రస్థానాన నిలిచిన రోజుకు, ఆయన స్వదేశంలో సినిమాయేతర సింగిళ్లకు చెప్పుకోదగ్గ జాబితాయే లేదు.

నాజియా హసన్

ఆ గోడకు తొలి పగులు తెచ్చింది కరాచీలో 1965 ఏప్రిల్ 3న పుట్టి, లండన్‌లో చదువుకుంటున్న ఒక బాలిక. ఫిరోజ్ ఖాన్ తీసిన ‘కుర్బానీ’ (1980)కి ప్రధాన సంగీత దర్శకులు కల్యాణ్‌జీ ఆనంద్‌జీ. ఒక్క పాటను మాత్రం బిడ్డు సమకూర్చారు. ‘ఆప్ జైసా కోయీ’ అనే ఆ పాటను లండన్‌లో నాజియా హసన్ చేత పాడించారు. ఆ గొంతులో గమకాలు లేవు, సాధన చేసిన గాయని నిండుదనం లేదు. ఒక స్కూలు పిల్ల మాట్లాడినట్టే పాడింది. దానికి యంత్రబద్ధమైన డిస్కో తాళం తోడయింది. పదిహేనేళ్ల వయసులోనే ఆమెకు ఉత్తమ గాయనిగా ఫిల్మ్‌ఫేర్ పురస్కారం దక్కింది. లత, ఆశల గొంతులే ప్రమాణమైన కాలంలో పాకిస్థానీ బాలికకు ఆ గౌరవం రావడం చిన్న విషయం కాదు.

అసలు మార్పు మరుసటి ఏడాది వచ్చింది. 1981లో నాజియా, ఆమె తమ్ముడు జోహెబ్, బిడ్డు కలిసి ‘డిస్కో దీవానే’ ఆల్బమ్ తెచ్చారు. దాని వెనుక సినిమా లేదు, కథానాయిక లేదు. అట్ట మీద గాయకుల ముఖాలే. భారత్, పాకిస్థాన్ రెండింటిలోనూ అది ఇంటింటికీ చేరింది. జియా ఉల్ హక్ సైనిక పాలనలో పాకిస్థాన్ టెలివిజన్‌లో పాప్ సంగీతానికి ఎన్నో పరిమితులు ఉన్న రోజులవి. ఆంక్షలున్న దేశపు గాయని, సినిమాలే ఏలుతున్న పొరుగుదేశంలో సొంత పేరుతో హిట్ సాధించింది. అదే కాలంలో క్యాసెట్ చౌకబడటం ఇందుకు బాగా కలిసివచ్చింది. రికార్డు ప్లేయరు లేని ఇంట్లోకీ టేప్‌రికార్డర్ చేరింది. బస్సులో, టీ దుకాణంలో, పెళ్లి పందిరిలో మోగే పాటను ఏ రేడియో జాబితా లెక్కించలేదు. నాజియా విజయానికి సరైన కొలత లేకపోవడానికి అదీ ఒక కారణం.

‘బూమ్ బూమ్’, ‘యంగ్ తరంగ్’, ‘హాట్‌లైన్’, ‘కెమెరా కెమెరా’ ఆల్బములతో 1992 నాటికి ఆమె గానం ఆగిపోయింది. న్యాయశాస్త్రం చదివి, ఐక్యరాజ్యసమితిలో పనిచేశారు. ఊపిరితిత్తుల క్యాన్సర్‌తో 2000 ఆగస్టు 13న లండన్‌లో మరణించారు. అప్పటికి ఆమె వయసు 35. పన్నెండేళ్ల తర్వాత, 2012లో ‘స్టూడెంట్ ఆఫ్ ద ఇయర్’ చిత్రంలో ‘డిస్కో దీవానే’ను కొత్త హంగులతో వాడుకున్నారు. సినిమా లేకుండా పుట్టిన పాట సినిమా పాటగా మారి ఎఫ్‌ఎం కేంద్రాల్లో మళ్లీ హిట్టయింది.

శ్రీలంకలో వేరే దారి

ఇంత జరిగినా, ఈ జాబితాలకు వేదికైన దేశంలో పరిస్థితి భిన్నం. శ్రీలంకలో సినిమా పాట ఉన్నప్పటికీ, రేడియో సొంత గాయకులను తయారు చేసింది. పోర్చుగీసు, ఆఫ్రికన్ మూలాలున్న బైలా సంగీతాన్ని పోలీసు ఉద్యోగి వాలీ బాస్టియాన్స్ సింహళ పాటగా మలిచారు. 1960లలో క్లారెన్స్ విజెవర్దన ఎలక్ట్రిక్ గిటార్‌ను సింహళ గీతంలోకి తెచ్చారు. ఆయన ‘మూన్‌స్టోన్స్’ బృందాన్ని శ్రోతలకు పరిచయం చేసినవారిలో రేడియో సిలోన్ వ్యాఖ్యాత విజయ కొరయా ముఖ్యులు. ఒక వ్యాఖ్యాత ఇష్టపడి పాటను పదే పదే వినిపిస్తే బృందం నిలదొక్కుకునే చిన్న మార్కెట్ అది.

తమిళులలో ఎ.ఇ.మనోహరన్ ‘సురాంగని’తో పాప్ గాయకుడిగా స్థిరపడ్డారు. సింహళం, తమిళం కలిసిన ఆ పాట పాక్ జలసంధి దాటింది. 1977లో ఇళయరాజా దాని బాణీని తమిళ చిత్రంలో వాడారు. 2018లో మనోహరన్ చెన్నైలో మరణించే నాటికి భారత్‌లో ఆయనను ‘సిలోన్ మనోహర్’గానూ, నటుడిగానూ గుర్తుపట్టేవారే ఎక్కువ.

తెలుగులో ప్రైవేటు గీతం

తెలుగులో సినిమాయేతర గీతానికి పాత చరిత్రే ఉంది. ఘంటసాల పాడిన కరుణశ్రీ ‘పుష్పవిలాపం’ గ్రామఫోన్ రికార్డు ఏ సినిమా హిట్టుకూ తీసిపోలేదు. బాలాంత్రపు రజనీకాంతరావు, పాలగుమ్మి విశ్వనాథం వంటివారు ఆకాశవాణి లలిత సంగీతాన్ని ఒక శాఖగా పెంచారు. కానీ ఆ పాటలకు స్థానాలు ఇచ్చే అలవాటు ఆకాశవాణికి లేదు. ‘జనరంజని’ వంటి కోరిన పాటల కార్యక్రమాల్లో శ్రోతల పేర్లు చదివేవారు. పాటలు మాత్రం సినిమావే. లలిత గీతానికి గౌరవం దక్కింది, సంఖ్య దక్కలేదు.

1990లలో పాప్ కెరటం వచ్చినప్పుడు ఈ లోటు బయటపడింది. హిందీలో అలీషా చినాయ్ ‘మేడ్ ఇన్ ఇండియా’ (1995), దలేర్ మెహందీ ‘బోలో తా రా రా’, లక్కీ అలీ ‘సునో’ (1996) క్యాసెట్లు లక్షల్లో అమ్ముడయ్యాయి. వీటిని నడిపించింది రేడియో కాదు, శాటిలైట్ టీవీ సంగీత చానళ్లు. ‘ఠండా ఠండా పానీ’తో ర్యాప్‌ను తెచ్చిన బాబా సెహగల్ దూరదర్శన్ మెట్రోలో ‘సూపర్‌హిట్ ముకాబ్లా’ నిర్వహించారు. పాప్ గాయకుడు వ్యాఖ్యాతగా నిలబడి సినిమా పాటలకు స్థానాలు ప్రకటించడం ఆనాటి పరిస్థితిని చెప్పకనే చెప్పింది.

తెలుగులో 1996లో రమణ గోగుల ‘ఆయే లైలా’ ఆల్బమ్ యువతను ఆకట్టుకుంది. రెండేళ్లకే ఆయన ‘ప్రేమంటే ఇదేరా’తో సినిమా సంగీత దర్శకుడయ్యారు. 2000లో ‘హాయ్ రబ్బా’తో వచ్చిన స్మితకు మరింత పేరు తెచ్చింది ఎల్.ఆర్.ఈశ్వరి పాడిన పాత సినిమా పాట ‘మసక మసక చీకటిలో’ రీమిక్స్. ఒకరు సినిమాలోకి వెళ్లారు, మరొకరు సినిమా పాటను తెచ్చుకున్నారు. సొంత పాటతోనే ఎక్కువ కాలం నిలబడగల మార్కెట్ తెలుగులో అప్పటికి ఏర్పడలేదు.

ఎఫ్‌ఎం కేంద్రాలు, రాయల్టీ తగాదా

గాలితరంగాలు ప్రజల ఆస్తి అని, వాటిపై ప్రభుత్వ గుత్తాధిపత్యం తగదని 1995 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. 2001 జులైలో బెంగళూరులో రేడియో సిటీ దేశంలో తొలి ప్రైవేటు ఎఫ్‌ఎం కేంద్రంగా ప్రసారాలు ప్రారంభించింది. తర్వాత హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం వంటి నగరాలకూ అవి విస్తరించాయి. ప్రతి కేంద్రానికీ తనదైన ‘టాప్’ జాబితా ఉంది. అయితే ఆ జాబితా శ్రోతల ఉత్తరాల నుంచి పుట్టినది కాదు. ఏ పాటను రోజుకు ఎన్నిసార్లు వేయాలో కేంద్రమే నిర్ణయిస్తుంది. ఎక్కువసార్లు విన్న పాట హిట్ అవుతుంది. హిట్ అయింది కనుక మళ్లీ వేస్తారు. ఈ చక్రంలోకి ప్రచార బలం లేని కొత్త గాయకుడు ప్రవేశించడం గీత్‌మాలా కాలం కంటే తేలికేమీ కాలేదు.

పాట వేసినందుకు ఎవరికి ఎంత చెల్లించాలన్న తగాదా ఏళ్ల తరబడి సాగింది. ఎఫ్‌ఎం కేంద్రాలు తమ నికర ప్రకటనల ఆదాయంలో రెండు శాతాన్ని సంగీత కంపెనీలకు ఇవ్వాలని 2010 ఆగస్టులో కాపీరైట్ బోర్డు ఆదేశించింది. కంపెనీలకు అది కంటగింపు, రేడియోలకు ఊరట. గీత రచయితలకు, స్వరకర్తలకు రాయల్టీలో వాటాను కాపాడే సవరణ 2012లో కాపీరైట్ చట్టంలోకి వచ్చింది. అంతకుముందు ఒక్కసారి డబ్బు తీసుకుని హక్కులన్నీ రాసిచ్చేయడమే ఆనవాయితీ. ‘సర్తాజ్’గా ప్రకటితమైన పాటల రచయితల్లో చాలామంది ఆ ఆనవాయితీ కిందే పనిచేశారు.

నేపాల్‌లో దారి మరో రకంగా సాగింది. 1997లో ప్రారంభమైన రేడియో సాగరమాథా ప్రభుత్వేతర ప్రసారానికి తలుపు తెరవగా, ఖాఠ్‌మాండూలోని ఎఫ్‌ఎం కేంద్రాలు నేపాలీ పాప్, రాక్ బృందాలకు అండగా నిలిచాయి. బంగ్లాదేశ్‌లో ముక్తియుద్ధ సైనికుడైన ఆజమ్ ఖాన్ 1970లలోనే ఢాకా వీధి బతుకును పాప్ పాటగా మలిచి ‘పాప్ గురు’ అనిపించుకున్నారు. ఈ రెండు దేశాల్లోనూ హిందీ సినిమా పాట బలంగా ఉన్నప్పటికీ, సొంత భాషలో సినిమాయేతర గాయకుడికి తారాస్థాయి దక్కింది.

స్ట్రీమింగ్ వచ్చాక లెక్క సులభమైంది. ప్రతి వినికిడీ నమోదవుతుంది, ఏ ఊళ్లో విన్నారో కూడా తెలుస్తుంది. 2021లో భారతీయ సంగీత పరిశ్రమ సంఘం ఐఎంఐ వారానికోసారి వెలువడే 20 సింగిళ్ల జాబితాను ప్రారంభించింది. అది విదేశీ పాటలకు ఉద్దేశించిన జాబితా.